నాస్కా చిత్రఘటములు: పంటయు, బలియు

ప్రాచీన జాతుల మనోభావములను శాసనములనుండియు, కావ్యములనుండియు గ్రహించుట మనకు అలవాటైన మార్గము. అక్షర మెరుగని జాతి యెదురైనపుడు ఈ మార్గము మూసికొనిపోవును. అప్పుడు వారు కట్టిన గుడియు, నేసిన వస్త్రమును, నీరు త్రాగిన పాత్రయు మాత్రమే మనకు సాక్ష్యములగును. దక్షిణామెరికా ఖండమున పెరూ దేశపు దక్షిణతీరమందు, సుమారు క్రీస్తుశకారంభమునుండి ఏడువందల సంవత్సరములు వర్ధిల్లిన నాస్కా ప్రజలు ఇట్టివారు. వారికి లిపి లేదు. వారు కొలిచిన దేవతల పేర్లుగాని, పాడిన పాటలుగాని, తమను తాము పిలుచుకొనిన పేరుగాని మనకు దక్కలేదు. నాస్కా యనునది ఆ ప్రాంతమందలి నదికిని, ఊరికిని నేడున్న పేరు మాత్రమే. దక్కినవి వేలకొలది రంగుకుండలు. ఆ కుండలపై చిక్కుడుగింజయు, మిరపకాయయు, తేనెపిట్టయు, చేపయు గలవు. వాని ప్రక్కనే తెగిన మనుష్యుని తలయు గలదు. ఈ రెంటిని కలిపి యెట్లు చదువవలెనన్నదే యీ వ్యాసమున మేము విచారింపదలచిన విషయము.

ఈ కుండలను చూచువారు సాధారణముగా రెండు తెగలుగా నుందురు. మొదటివారు రంగులకు ముగ్ధులై రేఖల పొందికను పొగడుదురు. తెగిన తల కనబడినచో దానినొక అలంకారముగా నెంచి దాటిపోదురు. రెండవవారు సంస్కారప్రియులు; తలను చూచినంతనే నరబలి యని జుగుప్స చెంది పుటను త్రిప్పివేయుదురు. మొదటివారికి పంటయే కనబడును. రెండవవారికి తలయే కనబడును. చిత్రించినవాడు మాత్రము రెంటిని ఒకే కుంచెతో, ఒకే శ్రద్ధతో చిత్రించెను. అతడు చూచిన చూపేదియో తెలిసికొనక అతని పనిని మెచ్చుటయు, తెగడుటయు విమర్శ కానేరదు.

ముందుగా ఆ నేలను గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఆండీసు పర్వతములకును, పసిఫిక్ మహాసముద్రమునకును నడుమనున్న ఆ తీరభూమి ప్రపంచమున మిక్కిలి పొడియైన యెడారులలో నొకటి. ఏడాది పొడవున అచ్చట పడు వాన కొలది మిల్లీమీటర్లకు మించదు. పంటకు కావలసిన నీరంతయు తూర్పుకొండలపై కురిసిన వర్షమువలన ఏరులలో దిగిరావలెను. ఆ యేరులు ఏటికి కొన్ని నెలలు మాత్రమే పారును. అందును నాస్కా లోయయందలి నది నడిమిభాగమున ఇసుకలో నింకిపోయి, కొంతదూరము భూమి లోపలనే ప్రవహించి, దిగువను మరల పైకి తేలును. ఎదుట నది యున్నను నీరు లేదు; కనబడని చోట నీరు కలదు. ఇట్టి నేలపై సేద్యము చేయు రైతు నీటిని తన కష్టమునకు ఫలముగా గాక, కంటికి కానరాని వారెవరో దయతలచి విడిచిన దానముగా నెంచుటలో వింత లేదు.

నీరు మరల పైకి తేలు తావునకు చేరువనే కహువాచి యను వారి మహాక్షేత్రము వెలసినది. అచ్చట సుమారు నలుబది దిబ్బలు గలవు. 1952–53 సంవత్సరములలో దానిని శోధించిన విలియం డంకన్ స్ట్రాంగుగారు అది పట్టణమై యుండునని తలచిరి. తరువాత 1980ల దశాబ్దమున అచ్చట పరిశోధించిన హెలేన్ సిల్వర్మన్‌గారు కాపురపు టిండ్ల జాడలు మిక్కిలి తక్కువగా నుండుటనుబట్టి, అది జనులు పర్వదినములందు కూడి, విందులు చేసికొని, తిరిగిపోవు యాత్రాస్థలమని వాదించిరి. నేడు పెక్కురు ఈ రెండవ అభిప్రాయమునకే మ్రొగ్గుచున్నారు. అచ్చట పగులగొట్టి పూడ్చిన మట్టివేణువులు దొరికినవి. విందులలో వాడిన పాత్రల పెంకులు దొరికినవి. మనము చెప్పుకొనుచున్న చిత్రఘటములకు ఈ క్షేత్రముతో దగ్గరి సంబంధము కలదు.

నాస్కా కుమ్మరికి సారె లేదు. యూరపువారు వచ్చువరకు ఆండీసు ప్రాంతమున సారె యెవరికిని తెలియదు. మట్టిని త్రాళ్ళవలె సాగదీసి, చుట్టలుగా పేర్చి, చేతితో నునుపు చేసి, గోడలు పలుచనగునట్లు కుండను తీర్చిరి. వీరికి పూర్వము ఆ తీరముననే వర్ధిల్లిన పరాకాసువారు కుండను కాల్చిన పిమ్మట జిగురు కలిపిన రంగులను పూసెడివారు. అవి సులభముగా రాలిపోవును. నాస్కావారు ఇనుము, మాంగనీసు మొదలగు ధాతువులు గల రంగుమట్టిని నీటిలో పలుచగా కలిపి, కాల్చుటకు ముందే పూసి, మెరుగుపెట్టి కాల్చిరి. అందుచే రంగు కుండలో నొక భాగమై, పదునైదువందల యేండ్లు మట్టిలోనున్నను మాయలేదు. ఒక్కొక్క కుండపై పది పండ్రెండు వన్నెలవరకు కానవచ్చును. ప్రతి రూపమునకును చుట్టును సన్నని నల్లగీత సరిహద్దుగా నుండును. మన కొమ్ముచెంబునకు కొమ్మొకటి; వీరి ప్రసిద్ధమైన కూజాకు రెండు కొమ్ములు, వానిని కలుపుచు వంతెనవంటి పిడి యొకటి. గిన్నెలు, తట్టలు, లోటాలవంటి పొడుగు పాత్రలు వేరు.

ఇంతటి పనితనము గల పాత్ర యేలికల యింటిదై యుండునని మనము సహజముగా తలంతుము. కాని మార్కాయా యను చిన్న పల్లెను త్రవ్విన కెవిన్ వాన్‌గారికి ఈ చిత్రఘటముల పెంకులు సామాన్యుల యిండ్లలోనే దొరికినవి. ఆ పెంకుల మట్టిని పరీక్షింపగా అది చాలవరకు ఒకే విధమైన మట్టి యని తేలినది. కావున వానిని ప్రతి యింటను చేయలేదనియు, కొలది తావులందు, బహుశః కహువాచి చేరువను తయారై, పండుగలకు వచ్చిన రైతుల చేతికి అవి అందెననియు ఆయన యూహించిరి. ఈ యూహ మా విచారణకు ముఖ్యమైనది. గుడిలో తెరవెనుక దాచిన బొమ్మ వేరు. రైతు తన పల్లెకు తెచ్చుకొని, తాను త్రాగుచు, తన బిడ్డలకు చూపిన బొమ్మ వేరు. ఈ కుండ ఆ యింటివారికి పాఠ్యపుస్తకమువంటిది. అందు ఏ పాఠము వ్రాయబడెనో చూతము.

మొదటి పాఠము పంట. పెరూలో పనిచేసిన యెవ్‌హేనియో యాకొవ్లెఫ్, ఫోర్తునాతో ఎర్రేరా అను పండితులు 1934–35లో ప్రాచీన పెరూవాసుల వృక్షప్రపంచమును గూర్చి విపులముగా వ్రాసిరి. మొక్కజొన్న, పలు రకముల చిక్కుళ్ళు, మిరప, వేరుశనగ, కర్రపెండలము, చిలగడదుంప, లూకుమా పండు, ముండ్లజెముడు మొదలగునవి నాస్కావారి కళలో గుర్తింపదగియున్నవి. వీనిలో పెక్కింటిని మన గృహిణులు నిత్యము వంటయింట చూచుచున్నారు. మిరపకాయ లేని తెలుగువారి భోజనమును నేడు మనమూహింపజాలము. కాని ఆ మిరపయు, వేరుశనగయు, చిలగడదుంపయు యూరపు నావికుల మూలమున అమెరికా ఖండమునుండి మన దేశమునకు వచ్చినవే. అవి మనకు తెలియుటకు వేయేండ్లు ముందే నాస్కా కుమ్మరి వానిని కుండపై చిత్రించి యుండెను.

ఆ చిత్రణమున నొక విశేషము గలదు. తొలికాలపు కుండలపై మిరపకాయలు తెల్లని నేలమీద వరుసదీరి యుండును. చిక్కుడుగింజలు ఒక్కొక్కటి వేరువేరు మచ్చలతో నుండును. చిత్రకారుడు తోటను చూపడు, పొలమును చూపడు, ఆకాశమును చూపడు. కాయను మాత్రము, గింజను మాత్రము తీసికొని చూపును. ఇది విహారమునకు వచ్చినవాని చూపు కాదు. విత్తనములను చాటలో పోసికొని మంచిదానిని చెడుదానిని ఏరువాని చూపు. కప్ప, తోకకప్ప, చేప, పాము మొదలగు ప్రాణులును ఇట్లే ఒంటరిగా చిత్రింపబడినవి. నీరు లేనిచో కప్ప కనబడదు. నీరు వచ్చినచో ముందుగా కనబడునది కప్పయే. యెడారిలో కప్పబొమ్మ అందమునకై వేసినది మాత్రమే యని మేము నమ్మజాలము.

పంటనుండి దైవమునకు పోవు మెట్టు మచ్చలపిల్లి. ఆ ప్రాంతపు పచ్చికబయళ్ళలో దిరుగు ఒక చిన్న అడవిపిల్లిని నాస్కావారు తరచుగా చిత్రించిరి. దాని దేహమునుండి కాయలును, మొక్కలును వ్రేలాడుచుండును. పంటను తెచ్చు పిల్లి యని పండితులు దానికి పేరు పెట్టిరి. ధాన్యమును తిను ఎలుకలను వేటాడుటచే రైతు దానిని మన్నించెనని కొందరి యూహ. తరువాత రైతు రూపమే కానవచ్చును: ముఖమున రంగు పూసికొని, తలపై కుచ్చుటోపీ ధరించి, చేతులతో మొక్కలను పట్టుకొని నిలుచును. ఆ రైతు ఒక్కొక్కప్పుడు మనుష్యుడుగానే యుండును. ఒక్కొక్కప్పుడు అతని నోటిచుట్టును మీసములవంటి కొనలు గల ఆభరణమును, నొసట రేకును కానవచ్చును. అప్పుడతడు రైతు మాత్రమే కాడు.

ఆ నోటియాభరణమును ధరించినవాడే నాస్కా చిత్రములకు నాయకుడు. పండితులతనిని మానవాకారము గల దివ్యవ్యక్తి యని పిలుచుచున్నారు. అతని మెడలో గవ్వబిళ్ళల హారము, వెనుకకు వ్రేలాడు పొడవైన తోకవంటి వస్త్రము, ఒక చేత గద, ఒక చేత తెగిన తల. అతడొక దేవతయా, లేక వేషము కట్టిన పూజారియా యని వాదము కలదు. బంగారురేకుతో చేసిన ఇట్టి నోటియాభరణములును, నొసటిరేకులును నిజముగా దొరికియుండుటచే వేషమను వాదమునకు బలము చేకూరినది. మా అభిప్రాయమున ఈ రెండును విరుద్ధములు కావు. వేషము కట్టినవానిలో ఆ ఘడియకు దైవమే యున్నదని నమ్ము జనులకు ఈ ప్రశ్నయే పుట్టదు. కుమ్మరి యీ భేదమును చిత్రింపకుండుట అతని లోపము కాదు. అతడు చూచినది అట్లే యున్నది. ఈ దివ్యవ్యక్తితోపాటు మనుష్యుని చేయి గలిగి కత్తి పట్టిన సముద్రపు తిమింగలమును, వంకరముక్కుతో మనుష్యుల తలలను తిను భయంకరపక్షియు గలవు. నీటికిని, ఆకాశమునకును అధిపతులైన యీ జీవులన్నిటికి కావలసినది ఒక్కటే: తల.

ఇక తలను గూర్చి చెప్పక తప్పదు. ఈ చిత్రములు కల్పితములు కావు. నాస్కా గోరీలలో నిజమైన తలలు నూటికి పైగా దొరికినవి. నొసట రంధ్రము చేసి త్రాడు కట్టిరి; పెదవులను వరాంగో చెట్టు ముండ్లతో కుట్టిరి. పెరూ దేశపు పురాతత్త్వశాస్త్రమునకు పితామహుడు అనదగిన హూలియో తెయో గారు, తామే ఆ దేశపు ఆదిమజాతికి చెందినవారు, 1918లోనే ఈ తలలను గూర్చి గ్రంథము వ్రాసిరి. కుండలపై బొమ్మలను చూచినచో ఆ నొసటి త్రాడు, ఆ పెదవుల ముండ్లు తప్పక కానవచ్చును. చిత్రకారుడు మిరపకాయ తొడిమను మరువనట్లే ఆ ముంటిని మరువలేదు.

ఆ తల నోటినుండి మొక్క మొలచుచుండును. ఇదియే నాస్కా కళయందలి ముఖ్యరహస్యము. కొన్ని కుండలపై ముండ్లతో మూసిన పెదవుల నడుమనుండి మొలక పైకి వచ్చును. మరికొన్నింటిపై చిక్కుడుగింజకే కన్నులును, నోరును ఏర్పడి, అది తలయో గింజయో చెప్పరాకుండ నుండును. మట్టిలో పాతిన గింజ ప్రాణము పోయినదివలె నుండి మరల లేచును. తలయు అట్టిదే యని కుమ్మరి చెప్పుచున్నాడు.

మన ఆలంకారికులు సాదృశ్యమును చెప్పు మార్గములను చక్కగా విభజించిరి. తల విత్తువంటిది యనిన ఉపమ. తలయే విత్తు అనిన రూపకము. ఉపమయందు భేదము మిగిలియుండును. రూపకమందు కవి అభేదమును ఆరోపించును. అది ఆరోపమని కవికిని, చదువరికిని తెలియును. ఆధునిక విమర్శకులు పెక్కురు నాస్కా తలను సంతానసమృద్ధికి, పంటసమృద్ధికి సంకేతమని వ్రాయుచున్నారు. ఈ మాట తప్పు కాదు. కాని అందొక మోసము కలదు. రూపకము చెప్పిన కవి ఎవరి ప్రాణమును తీయడు. ముఖమును చంద్రుడనుటకు ఆకాశమునుండి చంద్రుని కోసి తేనక్కరలేదు. నాస్కాలో తలయే విత్తు అనుటకు ఒక మనుష్యుడు నిజముగా చావవలసివచ్చినది. సంకేతమను పేరు పెట్టి ఆ చావును కనబడకుండ చేయుట విమర్శకునకు తగదు. కుమ్మరి దానిని దాచలేదు, మనమేల దాచవలెను?

అయినచో ఆ తలలు ఎవరివి? తెయో మొదలుకొని పెక్కురు వానిని విజయచిహ్నములని పిలిచిరి. యుద్ధమున గెలిచి తెచ్చిన శత్రువుల తలలని భావించిరి. తలలలో పెక్కు యౌవనమందున్న పురుషులవి; అందుచే యుద్ధవాదము సమంజసముగనే కనబడును. సెర్రో కరాపో యను చోట ఒకే గుంటలో 48 తలలు దొరికినట్లు 1993లో ప్రకటింపబడినది. అవి పూర్వుల తలలు, పూజార్హములు అని మరికొందరు వాదించిరి. 2009లో కెల్లీ నడ్సన్‌గారును, సహపరిశోధకులును ఈ తలల పండ్లలోని స్ట్రాన్షియము మొదలగు ధాతువులను పరీక్షించిరి. బాల్యమున త్రాగిన నీటి జాడయు, తిన్న తిండి జాడయు పంటియందు నిలిచియుండును. ఆ తలలు దూరదేశపువారివి కావనియు, నాస్కా ప్రాంతమునందే పుట్టిపెరిగినవారివనియు ఆ పరీక్షవలన తేలినది.

ఈ ఫలితమును తొందరపడి పొడిగింపరాదు. ప్రక్కలోయవారును ప్రాంతీయులే, ఇరుగుపొరుగులలో యుద్ధము జరుగుటయు కద్దు. కాని దూరపు శత్రువను కథ మాత్రము నిలువదు. కుండపై చిత్రింపబడిన ఆ తల, ఆ మిరపనే తిని, ఆ యేటినీటినే త్రాగి పెరిగినవాని తల. పంటను తిన్నవాడే మరల పంటకు విత్తయ్యెనను భావము ఆ జనుల మనస్సున నుండినచో, అది మనకు మరింత భయంకరముగా తోచునుగాని, వారి తర్కమునకు మరింత సరిపడును.

ఇదంతయు బొమ్మలనుబట్టి చేసిన యూహ యని చదువరులు సంశయింపవచ్చును. స్పెయిన్‌వారు 1532లో పెరూలో అడుగిడినారు. ఇన్కాలను గూర్చి వారు వ్రాసిన మాటలతో, ఎనిమిదివందల యేండ్లకు ముందే అంతరించిన నాస్కావారి బొమ్మలకు అర్థము చెప్పుట, విజయనగర కాలపు కావ్యముతో శాతవాహనుల నాటి కుండకు వ్యాఖ్య వ్రాయుటవంటిది. కావున కుండకు సాక్ష్యము కుండ దొరికిన చోటనే వెదకవలెను. అట్టి సాక్ష్యము 2004లో లా తీసా యను చోట క్రిస్టీనా కాన్లీగారికి లభించినది. ఒక గోరీలో తల లేని మనుష్యుడు కూర్చున్నాడు. అతని చెంత తలయాకారముగా చిత్రించిన కుండ యొకటి ఉంచబడినది. ఆ కుండపై చిత్రింపబడిన తలనుండి చెట్టు మొలచుచున్నది. తల పోయినవానికి ఎవరో తలను తెచ్చియిచ్చిరి; ఆ తలకు కొమ్మలనిచ్చిరి. అతనిని చంపినవారే యట్లు చేసిరో, అతని బంధువులు చేసిరో ఆ గోరీ చెప్పదు. కాని కుండపై బొమ్మ ఉత్త అలంకారము కాదనియు, ఆ జనులు దానినిబట్టి నడచుకొనిరనియు అది చెప్పుచున్నది. మాకు తెలిసినంతలో నాస్కా చిత్రమునకు ఇంతకంటె మంచి వ్యాఖ్య లేదు.

సంస్కారాభిలాషులు ఇచ్చట ఒక ప్రశ్న వేయుదురు: జ్ఞానము లేకపోవుటచేతనే గదా వారు నీటికై తలలు కోసిరి? ఈ ప్రశ్నకు ఆ నేలయే బదులు చెప్పుచున్నది. నాస్కా లోయలో పుకియోలను సొరంగకాలువలు గలవు. భూమిలోపల ఇంకిన నీటిని పట్టి, వాలునుబట్టి పొలములకు నడిపించు కాలువలవి. వానిలోనికి శంఖమువలె చుట్లు దిరిగి దిగు ద్వారములు గలవు. పెక్కు పుకియోలు నేటికిని పొలములకు నీరందించుచున్నవి. ఇవి స్పెయిన్‌వారు వచ్చిన పిమ్మట త్రవ్వబడెనని వాదించినవారు గలరు. కాని వానిని ఊరూరను పరిశీలించిన కాత్రీనా ష్రైబర్, హోసుయే లాంచో రోహాస్‌గారలు అవి నాస్కా మధ్యకాలమునాటి వని నిర్ణయించిరి. ఈ నిర్ణయము సత్యమగునెడల, భూగర్భజలపు నడకను గ్రహించి సొరంగము త్రవ్వినవారును, అదే నీటికై తలను సమర్పించినవారును ఒక్కరే యగుదురు. నేర్పు వచ్చినంతమాత్రమున భయము తొలగిపోవునను మన విశ్వాసమునకు ఇది పెద్ద హెచ్చరిక. సొరంగము త్రవ్వినవానికి దానిలోనికి కొండనీరు వచ్చునో రాదో అను బెంగ తీరలేదు.

ఆ బెంగ కడపటి కాలపు కుండలపై కనబడును. పండితులు నాస్కా కుండలను శైలినిబట్టి తొమ్మిది దశలుగా విభజించిరి. తొలిదశలలో రూపములు నిండుగా, ప్రశాంతముగా నుండును. ఐదవ దశనుండి మార్పు కానవచ్చును. దివ్యవ్యక్తి దేహమునుండి కిరణములు, ముండ్లు, చుట్టలు, చిన్నముఖములు అన్నివైపుల మొలచును. అతని దేహమేదో ఆభరణమేదో తెలియరాదు. ప్రకృతిరూపములు తగ్గును, ఆయుధములు పట్టిన యోధులు హెచ్చుదురు, తలలు వరుసగా అంచుచిత్రములుగా మారును. క్వెల్కాయా మంచుకొండపై పేరిన మంచుపొరలు ఆరవ శతాబ్దపు ద్వితీయార్ధమున దీర్ఘమైన అనావృష్టి కలిగెనని తెలుపుచున్నవి. వరాంగో అడవులను నరికివేయుటచే నేల బలహీనమై వరదలకు కోసుకొనిపోయెనని దిగువ ఈకా లోయను శోధించిన డేవిడ్ బెరెస్‌ఫర్డ్–జోన్స్‌గారు నిరూపింప యత్నించిరి. శైలిమార్పునకు అనావృష్టియే కారణమని మేము చెప్పము. కళకును, వానకును అంత సులభమైన లెక్క కుదరదు.

కాని కళాదృష్టితో ఒక్కమాట చెప్పవచ్చును. క్షేమేంద్రుడు కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమనెను. తొలికాలపు కుండపై తల ఒక్కటియే. దాని నోట మొలక యొక్కటి. ఆ తల అక్కడ నేల యున్నదో మొలక చెప్పుచున్నది. చూచువాడు జడిసినను, అర్థము గ్రహించును. కడపటి కుండపై తలలు పదులు, మొలక అరుదు. తలకు కారణమైన పంట తొలగిపోయి, తల అలవాటుగా మిగిలినది. చేతిపనితనము తగ్గలేదు, రేఖ మునుపటికంటె వేగముగా, చమత్కారముగా నున్నది. అయినను మేము తొలికాలపు కుండనే గొప్పదందుము. ఆచారము తన హేతువును మరచి తాను మాత్రము నిలిచినపుడు ఎట్లుండునో కడపటి కుండలు చూపుచున్నవి. సంస్కరణమును గోరు చదువరులకు ఈ దృశ్యము క్రొత్తది కాదు.

ఈ చిత్రభాష కుండలకే పరిమితము కాదు. నాస్కా యెడారినేలపై గీసిన మహారేఖాచిత్రములను లోకమంతయు ఎరుగును. 2024లో జపాను దేశపు యమగాటా విశ్వవిద్యాలయమువారు యంత్రమేధస్సు సహాయమున మరి 303 చిత్రములను కనుగొన్నట్లు ప్రకటించిరి. కాలిబాటల ప్రక్కనున్న చిన్నచిత్రములలో మనుష్యులును, పెంపుడు జంతువులును, తెగిన తలలును కానవచ్చినవి. ఇంటి గిన్నెపై చూచిన బొమ్మనే ఆ జనులు దారినడచుచును చూచిరన్నమాట.

ఇంత చెప్పిన పిమ్మట ఒక విచారకరమైన సంగతి చెప్పవలసియున్నది. 1901లో మాక్స్ ఊలె అను జర్మను పండితుడు ఈకా లోయయందు ఈ కుండల జన్మస్థానమును కనిపెట్టెను. అంతకు ముందే బెర్లిను మొదలగు నగరములకు కొన్ని కుండలు చేరియుండెను. తరువాత వాని వెల పెరిగినది. వెల పెరిగినకొలది గోరీలను దొంగతనముగా త్రవ్వువారు పెరిగిరి. నేడు ప్రపంచపు ప్రదర్శనశాలలలో నున్న నాస్కా కుండలలో పెక్కింటికి అవి ఏ గోరీలో, ఎవరి ప్రక్కన, ఏ వస్తువులతో దొరికినవో తెలుపు ఆధారము లేదు. లా తీసాలోని కుండ దొంగచేతికి చిక్కియుండినచో అది అందమైన తలబొమ్మగా ఏ గాజుపెట్టెలోనో నుండెడిది. తల లేని మనుష్యుని యెముకలు ఎండలో చెదరియుండెడివి. తలను దేహమునుండి వేరుచేయుట నాస్కావారితో ముగియలేదు. కుండను గోరీనుండి వేరుచేసి అమ్మువాడును, అట్లు వేరైనదానిని కొని మురియువాడును అదే పని మరియొక విధముగా చేయుచున్నారు.

కావున ఈ కుండలను చూచు చదువరులకు మేము చేయు మనవి యిది. కుండను ఒకవైపునుండి మాత్రము చూడవలదు, అది గుండ్రనిది. మిరపకాయల వరుసను చూచి సంతసింపుడు. ఆ కుమ్మరి కన్ను నిజముగా గొప్పది. త్రిప్పి తలను చూడుడు; ఆ పెదవులపై ముంటిని చూడుడు. ఆ ముంటికి మన్నింపును వెదకవలదు. దాహమెంత తీవ్రమైనను పొరుగువాని తల నీటికి వెల కాదని మన వివేకము చెప్పును. ఆ మాటను మేము ఏ కళ కొరకును వెనుకకు తీసికొనము. అయినను ఆ ముంటిని గీసినవాడు దాని నడుమనుండి పచ్చని మొలకను గూడ గీసెను. చంపిన చోటనే ప్రాణము మరల లేవవలెనని అతడు కోరెను. ఆ కోరిక తప్పు కాదు. దానిని తీర్చుకొన యత్నించిన మార్గము తప్పు. ఈ భేదమును నిలుపుకొని చూడగలిగినచో, లిపి లేని ఆ జనుల కుండ మనకు చదువ వీలైన పుస్తకమగును.